పొసగని లోహములు

1761వ సంవత్సరమున ఆంగ్ల నౌకాదళమువారు ‘అలారం’ అను యుద్ధనౌక అడుగుభాగమునకు పలుచని రాగిరేకులను తాపించిరి. సముద్రమందలి పురుగులు ఓడ కొయ్యను దొలిచివేయకుండుటకై వారు పన్నిన ఉపాయమది. వెస్టిండీసు దీవులకు పోయివచ్చిన ఆ ఓడను 1763లో పరీక్షింపగా, రేకులున్నచోట కొయ్యకు పురుగు తగులలేదు. కాని రేకులను పట్టియుంచిన ఇనుపమేకులు అనేకము త్రుప్పుపట్టి ముద్దవలె మెత్తబడెను. కొన్నిచోట్ల రేకులే ఊడిపోయెను. అందొక వింత కనబడెను. రేకులకు చుట్టి తెచ్చిన ముతక కాగితము కొన్ని మేకుల క్రింద చిక్కుకొని యుండెను. ఆ మేకులు మాత్రము అంతగా చెడలేదు.

కాగితపు ముక్క ఇనుము నెట్లు కాపాడెను? దీని మర్మము ఆనాడు ఎవరికిని తెలియదు. 1800లో ఇటలీ శాస్త్రజ్ఞుడు వోల్టా, రెండు విధముల లోహపుబిళ్లల నడుమ ఉప్పునీట తడిపిన అట్టముక్కలను పేర్చి విద్యుత్తును పుట్టించెను. ఓడ అడుగున జరిగినదియు అట్టిదే. రాగియు, ఇనుమును ఒకదానినొకటి తాకుచు ఉప్పునీట మునిగియున్నప్పుడు అవి విద్యుద్ఘటముగా మారును. ఇనుమునుండి ఎలక్ట్రానులు రాగికి ప్రవహించును. వానిని కోల్పోయిన ఇనుము కొంచెము కొంచెముగా నీటిలో కరగిపోవును. రాగి నిలుచును, ఇనుము నశించును. రాగిరేకు విశాలమై, మేకు చిన్నదైనచో నాశనము మరింత వేగముగా జరుగును. కాగితము రెండు లోహములకు నడుమ ఎడము కల్పించి, ఆ ప్రవాహమునకు అడ్డుపడెను.

ఈ సూత్రము నేటి నీటిగొట్టములకును వర్తించును. తుత్తునాగపు పూతగల ఇనుపగొట్టమును రాగిగొట్టముతో సూటిగా కలిపినచో, అతుకు దగ్గర ముందుగా పూతయు, పిదప ఇనుమును తినివేయబడును. గొట్టమునకు చిల్లిపడి నీరు కారును. కావున పనివారు అట్టిచోట లోహములు తాకకుండ రబ్బరు బిళ్లయు, ప్లాస్టికు తొడుగును గల అతుకును బిగింతురు. రాగిగొట్టమును గోడకు పట్టియుంచు ఇనుపపట్టీ క్రిందను రబ్బరు నుంతురు. ఇంకొక నియమము కూడ కలదు. నీరు మొదట ఇనుపగొట్టములోనుండి, పిదప రాగిగొట్టములోనికి ప్రవహింపవలెను. క్రమము తారుమారైనచో, నీటితో వచ్చిన రాగికణములు ఇనుపగొట్టములో పేరుకొని అచ్చటనే చిన్న చిన్న ఘటములను కల్పించును.

భూమిలో పాతిన ఉక్కుగొట్టములను కాపాడుటకు వేరొక మార్గము కలదు. గొట్టమునకు తీగతో మెగ్నీషియము దిమ్మను కలిపి, దానిని ప్రక్కనే పాతిపెట్టుదురు. ఉక్కుకు బదులుగా ఆ దిమ్మ కరగును. అది పూర్తిగా కరగకముందే క్రొత్తదిమ్మను అమర్చవలెను. ఏమరినచో కరగుట ఉక్కుగొట్టము వంతగును.