మందు మీద పన్ను ఎందుకు?
తాగుడు తగ్గించడానికేనంటూ 2020 మేలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మద్యం రేట్లను రెండు విడతల్లో 75 శాతం పెంచింది. అలవాటు మాన్పించే పన్నే అయితే, రాబడి పడిపోయినప్పుడు ప్రభుత్వం సంతోషించాలి. మన ఖజానా ఎప్పుడు సంతోషించింది కనుక? నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారాపై తిరగబడ్డ కొన్నాళ్ళకు, 1995లో ఎన్టీఆర్ సంపూర్ణ మద్యనిషేధం తెచ్చారు. 1997లో తర్వాతి ప్రభుత్వం దాన్ని ఎత్తేసింది. ఖజానాకు పడ్డ గండి అందుకు ఒక ముఖ్య కారణం. బడ్జెట్‌లో ఎక్సైజ్ రాబడి పెరగాలని అంచనా రాసుకునే సర్కారు, తాగేవాళ్ళు తగ్గాలని మనస్ఫూర్తిగా కోరుకుంటుందంటే నమ్మడం కష్టం.

ధర పెరిగితే కొందరు తగ్గిస్తారుగా అంటే, నిజమే, అప్పుడప్పుడు తాగేవాడు తగ్గిస్తాడు. అలవాటు ముదిరినవాడు మాత్రం ముందు ఇంటి బియ్యం ఖర్చులో కోత పెడతాడు, అదీ చాలకపోతే నాటుసారాకో, పక్క రాష్ట్రం సీసాకో మళ్ళుతాడు.