బంగారు చేపను కొనుటకు ముందు

ఇంటిలో గాని పాఠశాలలో గాని మొదటిసారిగా ఒక ప్రాణిని పెంచవలెనని తలచినప్పుడు చాలమందికి బంగారు చేపయే సులువుగా తోచును. అది మొరగదు, కరవదు. దానికి వేయవలసిన మేత చిటికెడు మాత్రమే. కాని కొని తెచ్చిన చేప పది పదునైదు దినములలోనే చనిపోవుట కూడ తరచుగా చూచుచున్నదే. దాని ఆయుస్సు అంతేనని ఊరకుండుటకు వీలులేదు. సరియైన పోషణ ఉన్నచో ఈ చేప పది సంవత్సరములకు మించి బ్రతుకును. ఇంగ్లండులో 1956లో ఒక సంతలో బహుమతిగా లభించిన టిష్ అను బంగారు చేప 43 సంవత్సరములు జీవించి 1999లో చనిపోయినది. కావున లోపమును చేపలో కాక నీటిలో వెదకవలెను.

బంగారు చేప మన శీలావతి, బొచ్చె చేపల కుటుంబమునకు చెందినది. సుమారు వేయి సంవత్సరముల క్రిందటనే చైనా దేశీయులు దీనిని కొలనులలో పెంచిరి. అంగడిలో వేలెడు ఉన్న పిల్ల పెరిగి జానెడు చేప కాగలదు. అట్టి చేపను నాలుగైదు లీటర్ల గుండ్రని గాజుపాత్రలో ఉంచినచో ఏమగును?

మన ఆహారములోని మాంసకృత్తుల నుండి మిగిలిపోయిన నత్రజని యూరియాగా మారి మూత్రముతో వెలువడును. చేపలో అది ఎక్కువగా అమ్మోనియా రూపమున మొప్పల ద్వారా నేరుగా నీటిలో కలియును. చెరువులో ఆ కొద్దిపాటి అమ్మోనియా చెదరిపోవును. చిన్న పాత్రలో దినదినము పెరిగి చేప మొప్పలనే గాయపరచును. అమ్మోనియాకు రంగు లేదు. నీరు తేటగా ఉన్నంత మాత్రమున అది నిర్మలమని తలచరాదు. పైగా నీరు వేడెక్కినకొలది అమ్మోనియాలో విషకరమైన భాగము హెచ్చును; నీటిలో కరగియుండు ఆమ్లజని తగ్గును. 20 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద లీటరు నీటిలో సుమారు 9 మిల్లీగ్రాముల ఆమ్లజని కరగగా, 30 డిగ్రీల వద్ద ఏడున్నర మిల్లీగ్రాములే కరగును. మన వేసవిలో చేపకు ఈ రెండు కష్టములును ఒక్కసారే కలుగును.

ఈ విషమును తొలగించువి సూక్ష్మజీవులు. ఒక జాతి బాక్టీరియా అమ్మోనియాను నైట్రైట్‌గా మార్చును. నైట్రైట్ కూడ విషమే. అది రక్తములోని హీమోగ్లోబిన్‌ను మార్చి, ఆమ్లజనిని మోయు శక్తిని తగ్గించును. మరియొక జాతి నైట్రైట్‌ను అంతగా హాని చేయని నైట్రేట్‌గా మార్చును. ఈ రెండు మెట్లను రష్యా శాస్త్రజ్ఞుడు వినోగ్రాడ్స్కీ 1890 ప్రాంతమున వెల్లడించెను. రెండు పనులను తానొక్కటియే చేయగల బాక్టీరియా కూడ కలదని 2015లో తెలిసినది.

క్రొత్త తొట్టిలో ఈ బాక్టీరియా చాలినంత ఉండవు. ఫిల్టరులోని స్పంజిమీదను, అడుగు గులకరాళ్లమీదను అవి స్థిరపడుటకు సామాన్యముగా నాలుగు నుండి ఆరు వారములు పట్టును. కావున తొట్టిని ముందు సిద్ధము చేయవలెను. చేపను తరువాత తేవలెను. ఒక్క చేపకు సుమారు 75 లీటర్ల తొట్టి మేలు. కొళాయి నీటిలోని క్లోరిన్ ఈ బాక్టీరియాను కూడ చంపును కనుక, దానిని విరుచు మందును మొదట కలుపవలెను. ఫిల్టరును నడుపుచు, దినమునకు చిటికెడు చేపమేతను నీటిలో వేయవలెను. అది క్రుళ్లి అమ్మోనియా పుట్టును. చేపల అంగళ్లలో దొరకు పరీక్షా ద్రవములతో దినము విడిచి దినము నీటిని పరీక్షించి, ఫలితములను గ్రాఫు కాగితముపై గుర్తించినచో, మొదట అమ్మోనియా గీత లేచి పడును. దాని వెనుక నైట్రైట్ గీత లేచి పడును. మేత పడుచున్నను రెండును సున్న వద్ద నిలిచిననాడు తొట్టి సిద్ధమైనట్లు. రసాయన, జీవశాస్త్రములను కలిపి బోధించుటకు ఇంతకంటె చౌకయైన ప్రయోగము అరుదు.

ఈ నెల దినములు చేపకే కాదు, పెంచువారికిని పరీక్షయే. వారమునకొకసారి పావువంతు నీటిని ఎవరు మార్చుదురు? స్పంజిని కొళాయి క్రింద కడిగి బాక్టీరియాను పోగొట్టక, తొట్టి నుండి తీసిన నీటిలోనే జాడించవలెనని ఎవరు గుర్తుంచుకొందురు? కరెంటు పోయి ఫిల్టరు ఆగినప్పుడు ఎవరు చూచుకొందురు? పాఠశాలకు వేసవి సెలవులిచ్చినప్పుడు తొట్టి ఎవరి ఇంటికి పోవును? విసుగు పుట్టిన పిమ్మట చెరువులో వదలుటకు వీలులేదు. అచ్చట అది అడుగు బురదను కలచి, స్థానిక జీవుల ఆహారమునకు పోటీ వచ్చును.

ఈ ప్రశ్నలకు ఇంటిలో గాని తరగతిలో గాని పేరు పేరున జవాబు దొరికినచో చేపను తేవచ్చును. దొరకనిచో తొట్టిలో నీటి మొక్కలను పెంచుకొనుట మంచిది. చేపలేని తొట్టిని నెల దినములు ఓపికతో చూడలేనివారు, చేప ఉన్న తొట్టిని పదేండ్లు చూచుట కష్టము.