పెద్ద తెర ట్యాబ్: గ్రాంట్ రోడ్డులో కొనే ముందు తెలుసుకోవలసినవి

ముంబయిలో పనిచేసే బిడ్డ పండుగకు ఊరికి వస్తూ తెచ్చే వస్తువులు కాలాన్ని బట్టి మారుతూ వచ్చాయి. ఒకప్పుడు రేడియో, తరువాత టేప్ రికార్డరు, ఆ తరువాత సెల్‌ఫోను. ఇప్పుడు ఆ వరుసలో ట్యాబ్ చేరింది. ఇది ఇంటిల్లిపాదికీ ఉపయోగపడే వస్తువే. అయితే కొనేది ముంబయిలో, వాడేది సరిహద్దు పల్లెలో. తప్పు వస్తువు చేతికి వస్తే తిరిగి ఇవ్వడానికి ఒక రాత్రి రైలు ప్రయాణం చేయాలి. నెలల తరబడి కూడబెట్టిన సొమ్ము ఇందులో ఉన్నది. కనుక ఏ తెర ఎవరికి తగినది, ఎక్కడ ఏమి అడిగి కొనాలి అన్న విషయాలను వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

పలక పెరిగిన క్రమం

ట్యాబ్ అంటే పలక వంటి కంప్యూటరు. మీటల పలక ఉండదు, తెరపై వేలితో తాకి పని చేయించుకోవాలి. 2010లో ఆపిల్ సంస్థ విడుదల చేసిన ఐప్యాడ్‌తో ఈ వస్తువు లోకానికి బాగా పరిచయమైంది. దాని తెర 9.7 అంగుళాలు. మన దేశంలో విద్యార్థుల కోసం కేంద్ర ప్రభుత్వం 2011 అక్టోబరులో ఆవిష్కరించిన ‘ఆకాశ్’ తెర 7 అంగుళాలే. 2015లో ముంబయి మహానగర పాలక సంస్థ పిల్లల పుస్తకాల సంచి బరువు తగ్గించే ఉద్దేశంతో తన పాఠశాలల 8వ తరగతి విద్యార్థులకు ట్యాబ్‌లు ఇచ్చింది. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 8వ తరగతి విద్యార్థులకు పంచిన ట్యాబ్‌ల తెర 8.7 అంగుళాలు. నేడు దుకాణాలలో 10 నుండి 11 అంగుళాల తెరలు సాధారణమయ్యాయి. 12, 13 అంగుళాలవి కూడా దొరుకుతున్నాయి.

అంగుళాల లెక్క

తెరను నిలువుగా గానీ అడ్డంగా గానీ కొలవరు. ఒక మూల నుండి ఎదుటి మూలకు, అనగా కర్ణాన్ని కొలుస్తారు. అందువల్ల 8కీ 11కీ మధ్య తేడా మూడు అంగుళాలే గదా అనుకోవడం పొరపాటు. ఆకారం ఒకటే అయినప్పుడు వైశాల్యం కర్ణం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. ఎనిమిది ఎనిమిదులు 64, పదకొండు పదకొండులు 121. అంటే 11 అంగుళాల తెర 8 అంగుళాల తెరకు దాదాపు రెట్టింపు.

దీనిని కాగితంతో పోల్చి చూద్దాం. దరఖాస్తులు రాసే ఏ4 కాగితం వెడల్పు 21 సెంటీమీటర్లు. 7 అంగుళాల ట్యాబ్‌ను నిలువుగా పట్టుకుంటే తెర వెడల్పు 9.4 సెంటీమీటర్లు మాత్రమే. కాగితంపై 12 పాయింట్ల అక్షరం అందులో ఐదున్నర పాయింట్లకు కుదించుకుపోతుంది. 11 అంగుళాల తెర వెడల్పు సుమారు 14.8 సెంటీమీటర్లు. ఏ4 కాగితాన్ని సగానికి మడిస్తే వచ్చే వెడల్పు సరిగ్గా ఇదే. అందులో అదే అక్షరం ఎనిమిదిన్నర పాయింట్లలో కనిపిస్తుంది. అద్దాలు పెట్టుకున్న పెద్దవారు కూడా చదువుకోగలరు. 13 అంగుళాల పుస్తకాకారపు తెరలో కాగితం పదింట తొమ్మిది వంతుల కొలతలో కనిపిస్తుంది.

ఎవరికి పెద్ద తెర అవసరం?

మాటలు, చిత్రాలు, చిన్న వీడియోలకు ఫోను చాలు. పూర్తి పేజీని ఒకేసారి చూడవలసిన వారికే పెద్ద తెర ఫలం ఇస్తుంది. సరిహద్దు కుటుంబాలలో ఇటువంటి అవసరాలు తక్కువేమీ కాదు. ఇటు పహాణీ, అటు మహారాష్ట్ర సాత్‌బారా ఉతారా రెండూ చూసుకోవలసిన రైతులు ఉన్నారు. ఆ పట్టికల గడులను ఫోనులో జరుపుకుంటూ చదివితే ఏ అంకె ఏ సర్వే నంబరుదో తప్పిపోవచ్చు.

ఇక కట్టుబడి పని. నిజాం రాజ్యపు తెలుగు ప్రాంతాల నుండి వెళ్లిన కామాఠీలు, అనగా కట్టుబడి కూలీలు, స్థిరపడినందువల్లనే కామాటిపురాకు ఆ పేరు వచ్చింది. నేటికీ మనవారిలో మేస్త్రీలు ఎందరో ఉన్నారు. ఇంజనీరు పంపే ఇంటి ప్లాను పెద్ద కాగితానికి గీసినది. దానిని ఫోనులో చూసి గోడ కొలత తీయడం కష్టం. బట్టలు కుట్టేవారికి నమూనాలు చూపడానికి, దుకాణదారుకు ఖాతాలు చూసుకోవడానికి, పిల్లలకు పాఠ్యపుస్తకం, పెద్దలకు అంతర్జాలంలో దొరికే పాత తెలుగు గ్రంథాల ఛాయాప్రతులు చదవడానికి ఇది అనువైనది.

చాళ్లలో ఒక్క ఖోలీలో ఐదారుగురు నివసించే కుటుంబానికి మరొక లాభం ఉన్నది. టీవీకి, కంప్యూటరుకు వేర్వేరుగా చోటు లేని గదిలో ఒకే ట్యాబ్ పగలు పనికి, రాత్రి సినిమాకు పనికివస్తుంది. తరువాత గూట్లో పెట్టుకోవచ్చు. ఊళ్లో కరెంటు పోయినా బ్యాటరీతో నడుస్తుంది.

తెలుగు వత్తుల పరీక్ష

తెర పెద్దదైనంత మాత్రాన అక్షరం స్పష్టంగా ఉండదు. తెరపై బొమ్మ చిన్న చిన్న చుక్కలతో ఏర్పడుతుంది. 10.1 అంగుళాల తెరలో 1280, 800 చుక్కలు ఉంటే అంగుళానికి సుమారు 150 చుక్కలు వస్తాయి. 1920, 1200 ఉంటే సుమారు 224. ఆంగ్లానికి మొదటిది సరిపోయినట్లు కనిపించినా, తెలుగు వత్తులు అందులో మసకబారుతాయి. దుకాణంలో ‘స్వాతంత్ర్యం’, ‘లక్ష్మి’ వంటి పదాలు ఉన్న పేజీని తెరిపించి, అక్షరాలను చిన్నవి చేసి చూడండి. క్రింది వత్తు విడిగా కనిపిస్తే ఆ తెర మనకు తగినది. అలాగే తెలుగు, మరాఠీ రెండు భాషల కీబోర్డులు పెట్టించి ఒక్కొక్క వాక్యం టైపు చేసి చూడాలి.

పనికి, వినోదానికి తేడాలు

తెర ఆకారం రెండు రకాలు. పొడవైన ఆకారం (16:10) సినిమాకు అనుకూలం. పుస్తకం వంటి ఆకారం (4:3) చదువుకు, కాగితాలకు అనుకూలం. రెండూ 11 అంగుళాలే అయినా, సినిమా మొదటి దానిలో పెద్దగా, ఏ4 పేజీ రెండవ దానిలో కొంత పెద్దగా కనిపిస్తాయి. ఇంట్లో ఏది ఎక్కువ జరుగుతుందో దానిని బట్టి నిర్ణయించుకోవాలి.

సినిమాలు చూసేవారు ‘వైడ్‌వైన్ ఎల్1’ ఉన్నదా అని అడగాలి. ఇది సినిమా సంస్థలు తమ చిత్రాలకు వేసే తాళం వంటిది. ఎల్1 లేని చౌక ట్యాబ్‌లలో, తెర ఎంత మంచిదైనా, చందా కట్టి చూసే సినిమాలు తక్కువ స్పష్టతతోనే వస్తాయి. స్పీకర్లు రెండు వైపులా ఉంటే పదిమంది కూర్చుని వినవచ్చు.

పని కోసం కొనేవారు ర్యామ్ కనీసం 6 జీబీ, నిల్వ 128 జీబీ ఉండేలా చూసుకోవడం మేలు. మెమరీ కార్డు వేసే చోటు ఉంటే మరీ మంచిది. అక్షరాల పని, అనగా డీటీపీ చేసేవారు ఒక సంగతి గమనించాలి. అను ఫాంట్లతో పనిచేసే పేజీలకు విండోస్ కంప్యూటరే కావాలి. ఆండ్రాయిడ్ ట్యాబ్ గానీ ఐప్యాడ్ గానీ దానికి బదులు కావు.

11 అంగుళాల ట్యాబ్ సుమారు అర కిలో బరువు ఉంటుంది. చేత పట్టుకుని ఎక్కువసేపు చదవలేము. నిలబెట్టే అట్టకు కూడా కొంత డబ్బు ఉంచుకోవాలి.

సిమ్మా, వైఫై మాత్రమేనా?

నగరంలో వైఫై మాత్రమే ఉన్న ట్యాబ్ చౌకగా వచ్చిందని కొంటారు. పల్లెకు తెచ్చిన తరువాత ఇంట్లో వైఫై లేక చిక్కు వస్తుంది. ఫోను నుండి హాట్‌స్పాట్ ఇవ్వవచ్చు. కానీ ఆ ఫోను గల మనిషి పొలానికి వెళ్తే పిల్లవాడి పాఠం ఆగిపోతుంది. సిమ్ లేని ట్యాబ్‌కు బ్యాంకు ఓటీపీ సందేశాలు కూడా రావు. ఇంట్లో ఎప్పుడూ ఉండే ఫోను ఒకటి ఉంటే వైఫై రకం చాలు. లేనిచో సిమ్ రకమే తీసుకోవాలి.

లామింగ్టన్ రోడ్డులో బేరం

నిజామాబాద్, బాసర మీదుగా వెళ్లే దేవగిరి ఎక్స్‌ప్రెస్‌లో దాదర్‌లో దిగి, పశ్చిమ రైల్వే లోకల్ ఎక్కితే గ్రాంట్ రోడ్డు స్టేషను వస్తుంది. స్టేషనుకు తూర్పున కొద్ది నడకలో లామింగ్టన్ రోడ్డు ఉన్నది. అధికారిక నామం డాక్టర్ దాదాసాహెబ్ భడ్కంకర్ మార్గ్. కామాటిపురా గల్లీలలో ఉండే మనవారికి ఇది కాలినడక దూరమే. కంప్యూటర్లకు, ఎలక్ట్రానిక్ విడిభాగాలకు ముంబయిలో పేరుపొందిన బజారు ఇది. ఆదివారం చాలా దుకాణాలు మూసి ఉంటాయి.

నాలుగు దుకాణాలలో ధర అడిగిన తరువాతనే బేరం ఆడాలి. మరీ తక్కువ ధర చెబితే మూడు అనుమానాలు పడాలి. వస్తువు విదేశం కోసం తయారైనది కావచ్చు. దానికి మన దేశంలో వారంటీ ఉండకపోవచ్చు. లేదా వాడిన దానిని బాగుచేసి కొత్త పెట్టెలో పెట్టినది కావచ్చు. లేదా చాలా పాత మోడల్ కావచ్చు. పాత ఆండ్రాయిడ్‌తో ఆగిపోయిన ట్యాబ్‌లో కొంతకాలానికి బ్యాంకు యాప్‌లు పనిచేయవు. కనుక ఇంకా ఎన్ని సంవత్సరాలు అప్‌డేట్లు వస్తాయో అడగాలి.

డబ్బు ఇవ్వక ముందే పెట్టెను తెరిపించి ఈ క్రింది వాటిని సరిచూడాలి.

1. పెట్టెపై గరిష్ఠ చిల్లర ధర, తయారైన నెల, సంవత్సరం, తయారీదారు లేదా దిగుమతిదారు చిరునామా ఉండాలి.

2. భారతీయ ప్రమాణాల సంస్థ గుర్తు, ‘ఆర్’ అక్షరంతో మొదలయ్యే నమోదు సంఖ్య ఉండాలి. ఈ సంఖ్యను ‘బీఐఎస్ కేర్’ యాప్‌లో సరిచూడవచ్చు.

3. ట్యాబ్ సెట్టింగులలోని సీరియల్ నంబరు, పెట్టెపై నంబరు, బిల్లుపై నంబరు మూడూ ఒకటే కావాలి.

4. సిమ్ ఉన్న రకమైతే, ఆంగ్ల అక్షరాలలో కేవైఎం అని రాసి, ఖాళీ వదిలి, ఐఎంఈఐ సంఖ్య చేర్చి 14422కు సందేశం పంపితే ఆ పరికరం వివరాలు వస్తాయి.

5. తెల్లని, నల్లని బొమ్మలు పెట్టి తెరపై మచ్చలు చూడాలి. స్పీకరు, కెమెరా, ఛార్జింగు, నాలుగు మూలల్లో తాకుడు పరీక్షించాలి.

కచ్చా బిల్లు, పక్కా బిల్లు

‘బిల్ చాహియే క్యా?’ అని కొందరు వ్యాపారులు అడుగుతారు. బిల్లు వద్దంటే తగ్గిస్తామంటారు. ట్యాబ్‌పై జీఎస్టీ 18 శాతం. మొత్తం 20,000 రూపాయలు పెట్టి కొన్న ట్యాబ్‌లో పన్ను భాగం సుమారు 3,050 రూపాయలు. ఆ మొత్తంలో కొంత మిగులుతుందన్న ఆశతో చీటీ మీద రాసిన కచ్చా బిల్లుకు ఒప్పుకుంటే, వారంటీ కోరడానికి, ఫిర్యాదు చేయడానికి మన చేతిలో ఉండవలసిన ఆధారం పోతుంది.

పక్కా బిల్లు విలువ సరిహద్దు కుటుంబానికి మరీ ఎక్కువ. 2020 జూలై 20 నుండి అమలులోకి వచ్చిన 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, కొన్న ఊరిలోనే గాక, వినియోగదారుడు నివసించే జిల్లాలో కూడా కమిషన్ ముందు ఫిర్యాదు చేయవచ్చు. అనగా గ్రాంట్ రోడ్డులో కొన్న వస్తువుపై మన జిల్లా కేంద్రంలోనే న్యాయం అడగవచ్చు. 5 లక్షల రూపాయల లోపు వస్తువుకు రుసుము లేదు. ముందుగా 1915 నంబరుకు ఫోను చేసి జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రంలో చెప్పుకోవచ్చు. వీటన్నిటికీ మొదటి మెట్టు బిల్లు. అది ఎవరి పేరున ఉండాలో కూడా ముందే ఆలోచించాలి. ఊళ్లో వాడే తల్లిదండ్రుల పేరున, ఊరి చిరునామాతో రాయించుకోవడం మంచిది. వారంటీ ఇచ్చే సర్వీస్ సెంటర్ మనకు దగ్గరి పట్టణంలో ఉన్నదా అని కూడా కొనక ముందే తెలుసుకోవాలి. పెద్ద తెర పగిలితే ఖర్చు కూడా పెద్దదే.

ఇంట్లో వాడే పద్ధతి

పెద్ద తెరను కొంత దూరంలో నిలబెట్టి చూడవచ్చు. ఫోనులా ముఖానికి దగ్గరగా పెట్టుకోనవసరం లేదు. అయినా ప్రతి 20 నిమిషాలకు ఒకసారి, 20 అడుగుల దూరంలోని వస్తువును 20 సెకన్లు చూసి కంటికి విశ్రాంతి ఇవ్వాలి. ఏడాది నిండని బిడ్డకు తెర చూపరాదని, 2 నుండి 4 ఏళ్ల పిల్లలకు రోజుకు గంట మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది. అన్నం తినిపించడానికి తెర ముందు కూర్చోబెట్టే తల్లులు, నాయనమ్మలు ఈ మాటను గుర్తుంచుకోవాలి. పెద్ద పిల్లల విషయంలో ట్యాబ్‌ను నడింట్లో, అందరికీ కనబడే చోట ఉంచడం ఉత్తమం.

చివరగా ఒక మాట. ఇంట్లో మంచి ఫోను ఉండి, పేజీ నిండా చదవవలసిన పని లేనివారు ట్యాబ్ కొనకపోవడమే లాభం. చదువుకునే పిల్లలు గల ఇంటికి స్పష్టమైన 10 లేదా 11 అంగుళాల తెర సరిపోతుంది. ప్లాన్లు, పట్టికలు రోజూ చూసే పనివారికే 12, 13 అంగుళాలు అవసరం. ఊరి నుండి ఫోను చేసి ‘పెద్దది తే బిడ్డా’ అని చెప్పడం కాక, దానితో ఏ పని చేస్తారో చెప్పండి. అప్పుడు ముంబయిలో కొనేవారికి దుకాణంలో ఏమి అడగాలో తెలుస్తుంది.