గది ఉంది సరే... గడప దాటేదెలా?

చోడవరం స్వయంభూ విఘ్నేశ్వరుడికి కొబ్బరికాయ కొట్టి బయల్దేరితే తలపెట్టిన పని సాఫీగా సాగుతుందని నమ్మకం. ఆ ఊళ్లో రిటైరైన ఓ మాస్టారు దంపతులకు యూరప్ చూడాలని కోరిక పుట్టిందనుకుందాం. ఎప్పుడో కొన్న టైమ్‌షేర్ కాగితాలు బీరువాలో ఉన్నాయి. ‘గది మనకు ఉచితమేగా’ అంటారాయన. ‘ఉచితమైతే ఏటా మెయింటెనెన్స్ ఎందుకు కడుతున్నామండీ?’ అంటారావిడ. అసలు లెక్కంతా ఆ ప్రశ్నలోనే ఉంది.

వారానికి ఎంత?

ఓ విడిదిలో ఏటా కొన్ని రోజులు ఉండే హక్కును ముందే కొనుక్కోవడమే టైమ్‌షేర్. 1960ల్లో యూరప్‌లోనే పుట్టిందీ పద్ధతి. 1974లో అమెరికాలో మొదలైన ఆర్‌సీఐ లాంటి సంస్థల ద్వారా గోవాలోని మన వారాన్ని ఇచ్చి స్పెయిన్‌లో వారం తీసుకోవచ్చు. అయితే బకాయిలు ఉండకూడదు, మార్పిడి రుసుం కట్టాలి, అక్కడ గది ఖాళీ ఉండాలి. విమానం, వీసా, భోజనం ఖర్చులు మామూలే. మెయింటెనెన్స్, మార్పిడి రుసుం కలిపి రోజుల లెక్కన భాగించి, అదే ఊళ్లో హోటల్ అద్దెతో పోల్చి చూడాలి. హోటలే చవకైతే మొహమాటం అక్కర్లేదు.

పెద్దవాళ్లకు ఎందుకు నయం?

పది రోజుల్లో ఆరు దేశాలు చుట్టే ప్యాకేజీలో రోజూ తెల్లారేసరికి పెట్టె సర్దాల్సిందే. ఇక్కడైతే వారమంతా ఒకటే గది. చాలాచోట్ల వంటగదీ ఉంటుంది. ఓ రోజు తిరిగి, మర్నాడు చారన్నం తిని విశ్రాంతి తీసుకోవచ్చు. లిఫ్టు ఉందా, స్నానాలగదిలో పట్టుకోవడానికి కడ్డీ ఉందా, మందుల షాపూ రైల్వే స్టేషనూ ఎంత దూరం... బుక్ చేసేముందే అడగాలి.

ఏడాది ముందే...

జులై, ఆగస్టుల్లో అక్కడ బడి సెలవులు, గదులు దొరకడం కష్టం. మే, జూన్, సెప్టెంబరు మేలు. ఏడాది ముందే వారం అడిగి పెట్టుకోవాలి. షెంజెన్ వీసాకు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయొచ్చు. 2024 జూన్ నుంచి పెద్దలకు రుసుం 90 యూరోలు. కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. బీపీ, షుగర్ ఉంటే దాచకుండా చెప్పాలి, లేదంటే క్లెయిం తిరస్కరించొచ్చు. వీసా చేతికొచ్చేదాకా రద్దు చేసుకునే వీలున్న టికెట్లే నయం. మందులు చీటీతో సహా చేతిసంచిలో ఉండాలి. నెయ్యి, పాలకోవా మాత్రం ఇంట్లోనే: పాల పదార్థాలను ఐరోపా సమాఖ్యలోకి రానివ్వరు.

సంతకానికి తొందరొద్దు

విడిదిలో కాఫీకి పిలిచి కొత్త సభ్యత్వం అంటగట్టేవాళ్లుంటారు. సమాఖ్య దేశాల్లో ఒప్పందం చేసుకున్నా 14 రోజుల్లోగా కారణం చెప్పకుండానే రద్దు చేసుకోవచ్చు. ఆ గడువులో డబ్బు తీసుకోవడం నిషేధం. పాత సభ్యత్వం అమ్మిపెడతామంటూ ముందే రుసుం అడిగితే అనుమానించాల్సిందే.

ఆవిడ ప్రశ్నకు జవాబు కాగితం మీద తేలాక, కొబ్బరికాయ ఎప్పుడు కొట్టినా మంచి ముహూర్తమే!