ప్రాణవాయువు కొరవడినపుడు గుండె

మీరు పరుగుపందెములో గమ్యమును చేరి, చెట్టు నీడను కూలబడిన దినమును జ్ఞప్తికి తెచ్చుకొనుడు. కాళ్లు బరువెక్కి, ఇక ఒక్క అడుగైనను వేయజాలమని మొరాయించును. వానికి విశ్రాంతి దొరకును. ఆ క్షణముననే ఎదలో దడదడ కొట్టుకొను గుండెకు మాత్రము ఆ భాగ్యము లేదు. అది నిమిషమునకు 70 మారులకు పైగా, దినమునకు ఇంచుమించు లక్ష మారులు కొట్టుకొనుచునే యుండవలెను.

ఇంత పనికి శక్తి ఎక్కడిది? మన జీవకణములు ఏ.టి.పి. అను పదార్థమును వ్యయపఱచి పనిచేయును. గుండె బరువు సుమారు 300 గ్రాములు. అది ఒక దినమున తయారుచేసి వాడుకొను ఏ.టి.పి. సుమారు 6 కిలోలు! అయినను దానికడ నిలువయుండునది కొన్ని సెకండ్లకే చాలును. దినకూలితో బ్రతుకు కుటుంబమువలె ఏ పూటకాపూట సంపాదించుకొనవలసినదే. ఆ సంపాదనకు ప్రాణవాయువు కావలెను. శరీరము విశ్రాంతిగా నున్నపుడు మొత్తముమీద రక్తములోని ప్రాణవాయువులో నాలుగవ వంతునే గ్రహించును. గుండె అప్పుడు సైతము తనకు చేరిన రక్తమునుండి రమారమి ముప్పాతిక వంతు తీసికొనును. కావున దానికి మఱింత ప్రాణవాయువు కావలెనన్న రక్తప్రవాహమే హెచ్చవలెను. వేఱు దారి లేదు.

ప్రాణవాయువు సమృద్ధిగా నున్నపుడు గుండె కొవ్వునే ఎక్కువగా మండించుకొనును. దాని శక్తిలో సగమునకు మించి కొవ్వునుండియే వచ్చును. తూకమునకు తూకము చూచిన గ్లూకోజుకంటె కొవ్వే లాభము. కాని ప్రాణవాయువు లెక్కన చూచితిమా, గ్లూకోజుదే పైచేయి. అంతే ప్రాణవాయువుతో అది ఇంచుమించు పదవ వంతు అధికముగా ఏ.టి.పి.ని ఇచ్చును. చెఱువు నిండిన యేడు వరి నాటు రైతు, నీరు తగ్గిన యేడు జొన్న చల్లును గదా! గుండెయు అట్లే చేయును.

వాన తప్పినదని దానికి చెప్పువారెవరు? ఈ వ్యవస్థ మిక్కిలి చమత్కారమైనది. జీవకణములు హిఫ్ అను మాంసకృత్తును ఎల్లప్పుడును తయారుచేయుచు, వెంటనే నాశనము చేయుచుండును. ఆ నాశనమునకు ప్రాణవాయువు అవసరము. ప్రాణవాయువు తగ్గగానే నాశనము ఆగును. హిఫ్ పోగుపడి కణకేంద్రకమును చేరి, కొన్ని జన్యువులను మేల్కొలుపును. గ్లూకోజును లోనికి తెచ్చు ద్వారములు పెరుగును. దానిని విడగొట్టు ఎంజైములు హెచ్చును. కావలివాడు రాకపోవుటయే ఇచట గంట మ్రోగుట! ఈ రహస్యమును విప్పినందులకు సెమెంజా, కేలిన్, రాట్‌క్లిఫ్ అను మువ్వురకు 2019లో నోబెల్ బహుమానము లభించెను.

5,500 మీటర్ల ఎత్తున వాయుపీడనము సముద్రతీరమున నుండుదానిలో సగమే. తరతరములుగా కొండలపై బ్రతుకుచున్న హిమాలయములలోని షెర్పాలను, ఆండీస్ పర్వతములలోని కెచువాలను పరీక్షించి, వారి గుండెలు మైదానవాసుల గుండెలకంటె గ్లూకోజును అధికముగా వాడుకొనునని 1995లో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. అంత దూర మేల? మనమందఱము తల్లిగర్భములో అట్టి పలుచని ప్రాణవాయువుతోనే పెరిగితిమి. అప్పుడు మన గుండెకు గ్లూకోజు, లాక్టిక్ ఆమ్లములే ముఖ్యాహారము. పుట్టి ఊపిరి పీల్చిన పిదపనే అది కొవ్వునకు అలవాటుపడినది.

అయితే ఈ నేర్పునకు హద్దు కలదు. గుండెకు రక్తము తెచ్చు నాళము హఠాత్తుగా మూసికొనిపోయిన, జన్యువులు మేల్కొనువఱకు వేచియుండు వ్యవధి ఎక్కడిది? ప్రాణవాయువు లేక విడిపోయిన గ్లూకోజు అణువు రెండు ఏ.టి.పి.లనే ఇచ్చును, ప్రాణవాయువుతో నైన 30 వఱకు వచ్చెడివి. పైగా పుట్టిన ఆమ్లమును కడిగివేయుటకు రక్తము లేదు. ఇంచుమించు 20 నిమిషములు గడచినచో కణములు మరణింప నారంభించును. ఎదనొప్పి రాగానే గ్యాసని సోడా త్రాగి పండుకొనువారిని నేను పలువురిని చూచితిని. వారు పోగొట్టుకొనునది ఈ నిమిషములనే.

నాళము మెల్లమెల్లగా సన్నగిలినచో కథ వేఱు. రక్తము చాలని భాగము తన కదలికను తగ్గించుకొని, ఉన్నదానితో ప్రాణము నిలుపుకొనును. కదలని గోడ చచ్చినదనియే వైద్యులు పూర్వము తలంచెడివారు. శస్త్రచికిత్సతో రక్తప్రవాహమును పునరుద్ధరింపగా అట్టి గోడలు కొన్ని మరల కదలినవి. అమెరికాలోని హృద్రోగ వైద్యుడు రహింతూలా 1980ల దశకమున ఈ విషయమును వైద్యలోకమునకు నచ్చజెప్పెను. నేడు శస్త్రచికిత్సకు ముందు, గుర్తువేసిన గ్లూకోజును రక్తములోనికి ఎక్కించి చిత్రము తీయు పరీక్ష కలదు. కదలకున్నను గ్లూకోజును గ్రహించు భాగము ఆ చిత్రములో వెలుగును. అది బ్రతికియున్నదని వైద్యుడు గ్రహించును.