నూలుపోగును గణితశాస్త్రమును

గణితశాస్త్రము పండితుల మేధావిలాసమే గాని నిత్యజీవనమునకు పనికివచ్చునది కాదను నభిప్రాయము విద్యావంతులలో సైతము కలదు. దాని నిజానిజములు తెలియుటకు రాజపాళయము నూలుమిల్లులే చాలును.

పడమటి కనుమల చెంతనున్న ఈ పట్టణమున, పూర్వము వలసపోయిన రాజుల యిండ్లలో నేటికిని తెలుగు వినవచ్చుచున్నది. 1936లో శ్రీ పి. ఏ. సి. రామస్వామి రాజా రాజపాళయము మిల్లును స్థాపించిన పిదప నూలుపరిశ్రమ యిచ్చట వేళ్లూనినది.

నూలు సమముగా నున్నకొలది దానికి గిరాకి యెక్కువ. అయితే సంపూర్ణముగా సమమైన నూలును వడకుట సాధ్యమా? కాదని గణితము చెప్పుచున్నది. దూదిపీచులు పోగులో యాదృచ్ఛికముగా నమరును. పోగు మందములో సగటున 100 పీచులున్నచో, హెచ్చుతగ్గులు వర్గమూలమగు 10కి, అనగా నూటికి 10 పాళ్లకు తగ్గవు. 400 పీచులున్నచో నూటికి 5 పాళ్లకు తగ్గవు. కావుననే నూలు సన్నగిలినకొలది సమత తగ్గును. ఈ హద్దును 1945లో మార్టిండేల్ ప్రకటించెను. మిల్లునూలు దీనిని ఎంత మించెనో చూచి యంత్రలోపమును గణింతురు.

ఆ సంవత్సరమే, ఆంధ్ర విశ్వవిద్యాలయమున గణితమభ్యసించిన కల్యంపూడి రాధాకృష్ణారావు కలకత్తాలో వేరొక హద్దును నిరూపించెను. పరిశీలనలనుండి ఒక రాశిని అంచనా కట్టునపుడు, పక్షపాతము లేని యే పద్ధతియు దోషమును ఒక మితికంటె తగ్గింపజాలదని దాని సారము. స్వీడను దేశీయుడగు క్రామర్ పేరుతో కూడి ప్రసిద్ధికెక్కిన యీ సిద్ధాంతము నేడు రాడారునకును, గురుత్వతరంగ పరిశోధనకును, క్వాంటం కొలతలకును ప్రమాణమైనది. 2023లో అంతర్జాతీయ సంఖ్యాశాస్త్ర బహుమానము ఆయనను వరించినది. ఆ యేడే, 102 ఏండ్లు నిండిన పిదప, ఆయన కీర్తిశేషుడయ్యెను.

ఈ రెండు హద్దులును ఒకే న్యాయమును బోధించుచున్నవి. హద్దునకు లోబడిన భేదము సహజము. హద్దు మీరినదానికి కారణము వెదకవలయును. మొదటిదానికై కార్మికునకు జరిమానా విధించుట అన్యాయము. రెండవదానిని అదృష్టమునకు విడుచుట అలసత్వము. ఈ వివేచనకై 1924లో అమెరికాలో షూహార్టు నియంత్రణపటమును కల్పించెను.

ఇది మిల్లులకు మాత్రమే చెల్లు మాట గాదు. చిన్న ఆసుపత్రిలో ఒక నెల మరణములు హెచ్చినను, చిన్న పాఠశాలలో ఒక యేడు ఉత్తీర్ణులు తగ్గినను, రాజధానిలోని మనము వెంటనే ఒకరిని దోషిగా నిలుపుచున్నాము. సంఖ్య చిన్నదైనకొలది యాదృచ్ఛికభేదము పెద్దదగునని మరచుచున్నాము. అధికారముననున్నవారు ముందు హద్దును గణించి, పిమ్మట తీర్పు చెప్పుట ధర్మము.