నారుకుళ్లు తెగులుకు వానపాముల ఎరువు

మిరప తోటకు నారుమడియే పునాది. ఎకరమునకు కావలసిన నారును ఒక సెంటు, అనగా సుమారు 40 చదరపు మీటర్ల స్థలములో పెంచుచున్నాము. ఈ కొద్ది జాగాలో దెబ్బ తగిలినచో ఎకరము తోటకును దెబ్బయే. తిరిగి విత్తుటకు అదను మించిపోవును. విత్తనపు ఖర్చు రెండింతలగును. లేదా ఏ విత్తనమో ఎరుగని నారును పొరుగూరి నుండి కొని తెచ్చుకొనవలసి వచ్చును. మిరప, వంగ, టమాట రైతుల నిట్లు కష్టపెట్టు వానిలో నారుకుళ్లు తెగులు ముఖ్యమైనది.

తెగులు వచ్చు విధము

ఈ తెగులును కలిగించు వానిలో పిథియం అను సూక్ష్మజీవి ప్రధానమైనది. ఇది నేలలోనే దాగియుండును. మడిలో నీరు నిలిచినపుడు దీని నుండి ఈదెడి బీజకణములు బయలుదేరును. మొలకెత్తు విత్తనమునుండి ఊరు చక్కెరలు మొదలగు పదార్థముల జాడ పట్టి అవి విత్తనమును చేరును. కొన్ని విత్తనములు నేలలోనే కుళ్లును. రైతు విత్తనము చెడ్డదని తలచును. మరికొన్ని మొలచిన తరువాత మొదలు మెత్తబడి, నేలమట్టమున విరిగి, గుంపులు గుంపులుగా వాలిపోవును.

వానపాముల ఎరువు చేయు మేలు

న్యూయార్క్ రాష్ట్రమునందలి కార్నెల్ విశ్వవిద్యాలయములో ఎరిక్ నెల్సన్, అల్లిసన్ జాక్ అను శాస్త్రజ్ఞులు కీరదోస మొలకలపై ఈ విషయమును పరిశోధించిరి. ఎరువులోని మేలుచేయు సూక్ష్మజీవులు విత్తనముపై స్థిరపడి, పిథియం బీజకణములు విత్తనమును చేరకుండ అడ్డగించుచున్నట్లు వారు గమనించిరి. కనుక ఇచ్చట పని చేయునది ముఖ్యముగా ఎరువులోని ప్రాణులు. ఎరువును బాగుగా వేడిచేసినచో, లేక తీవ్రమైన ఎండలో పొడిపొడిగా ఆరబెట్టినచో ఆ శక్తి తగ్గిపోవును.

మంచి ఎరువు నల్లగా, గుల్లగా, తడి మట్టి వాసనతో నుండును. పేడకంపు కొట్టునది ఇంకను పక్వము కానిది. దానిని నారుమడికి వాడరాదు. సిద్ధమైన ఎరువును జల్లించి, నీడలో, కొద్దిపాటి తేమతో గోనెపట్టాల క్రింద నుంచవలెను.

వాడు పద్ధతి

1. నీరు నిలువని మెరక స్థలమును ఎన్నుకొనుడు. ఏటేట ఒకేచోట నారు పోయరాదు. మడిని 1 మీటరు వెడల్పున, 15 సెంటీమీటర్ల ఎత్తున కట్టి, చుట్టును కాలువలు తీయుడు.

2. చదరపు మీటరుకు 1 నుండి 2 కిలోల ఎరువును పైమట్టిలో కలుపుడు.

3. కిలో విత్తనమునకు 8 నుండి 10 గ్రాముల ట్రైకోడెర్మా విరిడి పట్టించి, వరుసలలో పలుచగా విత్తి, జల్లించిన ఎరువును విత్తనములపై పలుచగా కప్పుడు. విత్తనము ఎరువును తాకియుండుట ముఖ్యము.

4. సన్నని ధారలు పడు డబ్బాతో ఉదయమే నీరు చల్లుడు. సాయంత్రము తడిపినచో రాత్రియంతయు మడి చెమ్మగా నుండి తెగులుకు అనుకూలించును.

ట్రేలలో నారు పెంచువారు కొబ్బరిపొట్టు 9 పాళ్లకు ఎరువు 1 పాలు కలిపి ప్రారంభింపవచ్చును. ఎరువు పాలు మితిమీరినచో లవణముల వలన మొలక తగ్గవచ్చును.

ఇది సర్వరోగ నివారిణి కాదు

అన్ని ఎరువులకును ఒకే శక్తి యుండదు. వాడిన పేడ, చెత్త, ఎరువు వయస్సు, నిలువ చేసిన తీరునుబట్టి ఫలితము మారును. నీరు నిలుచు మడిని, ఒత్తుగా పోసిన నారును ఏ ఎరువును కాపాడజాలదు. తెగులు కనబడినచో వెంటనే నీరు తగ్గించి, లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడు కలిపి, తెగులు సోకిన చోట మొదళ్లు తడియునట్లు పోయవలెను. ఈ మందు మేలుచేయు సూక్ష్మజీవులకును హాని చేయును గనుక, అవసరము లేని చోట వాడరాదు.

మీ మడిలోనే పరీక్షించుడు

మాట నమ్ముటకంటె కంట చూచుట మేలు. ఒకే మడిని రెండు భాగములు చేసి, ఒక దానికి వానపాముల ఎరువును, రెండవదానికి బాగా చివికిన పశువుల ఎరువును వేయుడు. రెండింటను 100 చొప్పున విత్తనములు లెక్కించి ఒక్కొక్క వరుసలో విత్తుడు. నీరు, విత్తనశుద్ధి, తక్కిన పనులన్నియు సమానముగా జరుపవలెను. 10వ, 20వ, 30వ రోజులలో నిలిచియున్న మొక్కలను లెక్కించి వ్రాసియుంచుడు. పదవ రోజు లెక్క నేలలోనే చెడిన విత్తనముల సంగతిని, తరువాతి లెక్కలు మొదలు కుళ్లి పడిపోయిన మొలకల సంగతిని తెలుపును.

గ్రామములలో పనిచేయు ఉద్యోగులు ఇట్టి మడి నొకదానిని నలుగురు నడచు దారి ప్రక్కన వేయించి, లెక్కలను రైతులకు చూపవలెను. ఏ ఎరువు గుంట నుండి వచ్చినది మంచి ఫలము నిచ్చెనో తెలిసినచో, వచ్చే సంవత్సరము ఆ ఊరి రైతులందరును ఆ పద్ధతినే అవలంబింపవచ్చును.